‘నువ్వు’ నుంచి ‘మీరు’ దాకా



పోయినసారి వత్తుల గురించి రాశాను. ఈసారి పుస్తకాల గురించి. తెలుగు పుస్తకాలు కావు, ఇంగ్లీషు నవలలు. నేను చదువుకున్నవి అవే, ముప్పై ఏళ్ళు బడిలో పిల్లలకు చెప్పినవీ అవే. తెలుగు చదవడం, రాయడం మాత్రం రిటైరయ్యాక మొదలుపెట్టాను. ఇప్పుడు నాకు అరవై అయిదు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ప్రాక్టీసు కోసం నేను ఒక పని చేస్తాను. మీలో ఎవరికైనా పనికొస్తుందేమో చూడండి. బాగా తెలిసిన ఒక ఇంగ్లీషు నవల తీసుకుని, అందులో ఒక సన్నివేశం చదివి, పుస్తకం మూసేస్తాను. తర్వాత అక్కడ ఏం జరిగిందో నాకు వచ్చిన తెలుగులో నోటుబుక్కులో రాస్తాను. అనువాదం కాదు, అంత తెలుగు నాకు రాదు. పక్కింటామెకు కథ చెప్పినట్టు రాస్తాను.

మొదట తీసుకున్నది జేన్ ఆస్టెన్ రాసిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’. 1813లో వచ్చిన నవల. డార్సీ అని ఏడాదికి 10,000 పౌండ్ల రాబడి ఉన్న మనిషి, ఎలిజబెత్ అనే అమ్మాయిని పెళ్ళికి అడుగుతాడు. అడిగే పద్ధతి ఎలా ఉంటుందంటే, నీ వాళ్ళు నా వాళ్ళకంటే తక్కువ, నా బుద్ధి వద్దంటూనే ఉంది, మనసు వినలేదు, అందుకని అడుగుతున్నాను అన్నట్టు ఉంటుంది. ఆ పిల్ల ఒప్పుకుంటుందన్న విషయంలో అతనికి అనుమానమే లేదు.

నేను మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. డార్సీ ఆమెను ‘నువ్వు’ అంటాడా, ‘మీరు’ అంటాడా?

ఇంగ్లీషులో ఈ గొడవ లేదు. రాణికైనా, పనివాడికైనా, పెంపుడు పిల్లికైనా ఒకటే మాట. తెలుగులో నోరు తెరిస్తే చాలు, ఎదుటి మనిషిని ఏ మెట్టు మీద నిలబెట్టామో బయటపడిపోతుంది. కాసేపు ఆలోచించి ‘మీరు’ అని రాశాను. డార్సీ మాట మర్యాదగానే ఉంటుంది, లోపలున్నదే వేరు.

ఎలిజబెత్ కాదంటుంది. గట్టిగానే అంటుంది. తర్వాత కథ మీకు తెలిసే ఉంటుంది, సినిమాగానైనా చూసి ఉంటారు. అతను ఉత్తరం రాస్తాడు. ఆమె చెల్లెలు ఒకడితో వెళ్ళిపోతే, ఎవరికీ చెప్పకుండా డబ్బు కట్టి ఆ పెళ్ళి జరిపిస్తాడు. చివరికి మళ్ళీ వచ్చి మళ్ళీ అడుగుతాడు, ఈసారి తల వంచుకుని. ఆమె కూడా తను తొందరపడి ఏమేం అనుకుందో తలుచుకుని సిగ్గుపడుతుంది. ప్రేమ గర్వాన్ని గెలిచిన కథ అని నేను ముప్పై ఏళ్ళు బోర్డు మీద రాశాను. పిల్లలు దాన్నే పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నారు.

అది తప్పని అనను. కానీ నా తెలుగు నోటుబుక్కులో రాస్తుంటే, క్లాసులో ఎప్పుడూ తొందరగా దాటేసిన మనిషి ఒకామె అడ్డం వచ్చింది. షార్లెట్ లూకస్, ఎలిజబెత్ ప్రాణస్నేహితురాలు.

షార్లెట్‌కి ఇరవై ఏడేళ్ళు. అందం లేదు, ఆస్తి లేదు. ఆ కాలంలో అలాంటి ఆడపిల్లకి పెళ్ళి తప్ప వేరే దారి లేదు. కాలిన్స్ అని ఒక చర్చి గురువు, నోరు విప్పితే ఆపడు, బుర్ర తక్కువ మనిషి, ముందు ఎలిజబెత్‌ని అడుగుతాడు. ఆమె కాదంటే, మూడు రోజులు తిరక్కుండానే షార్లెట్‌ని అడుగుతాడు. షార్లెట్ ఒప్పుకుంటుంది. ఆ మాట ఎలిజబెత్‌కి తనే వచ్చి చెబుతుంది. ఎలిజబెత్ తట్టుకోలేకపోతుంది, ఆ ఆశ్చర్యం మొహం మీదే అనేస్తుంది. షార్లెట్ తొణకదు. నాకు పెద్ద పెద్ద ఆశలు లేవు, ఒక మంచి ఇల్లు చాలు అంటుంది. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా మాటలుంటాయి, ఉత్తరాలుంటాయి, ఒకరింటికి ఒకరు వెళ్ళడం కూడా ఉంటుంది. మనసు విప్పి చెప్పుకోవడం మాత్రం ఉండదు.

ఇక్కడ ఒక సంగతి నేను ఇన్నేళ్ళూ గమనించలేదు. డార్సీ మొదటిసారి ఎలిజబెత్‌ని అడిగింది ఎక్కడ? హన్స్‌ఫర్డ్‌లో, షార్లెట్ ఇంట్లో. షార్లెట్ ఆ పెళ్ళి చేసుకోకపోతే ఎలిజబెత్ అక్కడికి వెళ్ళేదే కాదు. డార్సీకి ఆమె మీద ఇష్టం ఉందేమోనని ముందు అనుమానించింది కూడా షార్లెట్టే. ఆ ఇంట్లో ఆమె తను కూర్చోవడానికి వెనకవైపు గది ఎంచుకుంటుంది. ముందు గది బాగుంటే మొగుడు అస్తమానం వచ్చి పక్కన కూర్చుంటాడని. చదివినప్పుడల్లా నవ్వొస్తుంది నాకు, ఆ తర్వాత నవ్వు పోతుంది.

డార్సీ రెండోసారి వచ్చి అడిగాడు. ఎలిజబెత్ షార్లెట్ దగ్గరికి వెళ్ళి, నిన్ను నేను తక్కువగా చూశాను అని చెప్పిందా? చివర్లో షార్లెట్ పుట్టింటికి వస్తుంది, స్నేహితురాలి పెళ్ళి కుదిరిందని సంతోషిస్తుంది. ఎలిజబెత్ కూడా ఆమెను చూసి సంతోషిస్తుంది. కానీ ఆ పాత సంగతి ఇద్దరూ మాట్లాడుకున్నట్టు ఆస్టెన్ ఎక్కడా రాయలేదు. ప్రేమలో గర్వం చూపిస్తే రెండో అవకాశం వచ్చింది. స్నేహంలో చూపించిన గర్వాన్ని ఎవరూ అడగనే లేదు.

మధ్యలో ఒక మాట. ‘ప్రైడ్’కి తెలుగు వెతికితే నాకు ఎన్ని దొరికాయో. గర్వం, పొగరు, బెట్టు, టెక్కు, పౌరుషం, ఆత్మగౌరవం. అన్నిటికంటే నన్ను తికమక పెట్టింది ‘అభిమానం’. అభిమానం గల మనిషి అంటే మాట పడనివాడు. నీ మీద అభిమానం అంటే ఇష్టం. సినిమా హీరోకి అభిమానులు ఉంటారు. ఒకే మాటలో ఇష్టమూ ఉంది, రోషమూ ఉంది. మొదట ఇది డిక్షనరీలో తప్పు అనుకున్నాను. మా గుడిలో పూజారి గారిని అడిగితే, తప్పు కాదమ్మా, రెండూ నిజమే అన్నారు.

ఆస్టెన్ రాసిన ‘ఎమ్మా’లో కూడా ఇలాంటి ఒక చోటు ఉంది. సర్రేలో బాక్స్ హిల్ అనే కొండ మీదికి అందరూ సరదాగా వెళ్తారు. మిస్ బేట్స్ అని ఒక పెళ్ళికాని పెద్దావిడ, బీదది, తెగ మాట్లాడుతుంది, ఎవరికీ చెడు చెయ్యదు. ఎమ్మా అందరి ముందూ ఆమె వాగుడు మీద ఒక జోకు వేస్తుంది. తర్వాత నైట్లీ ఎమ్మాని పక్కకు పిలిచి చివాట్లు పెడతాడు. ఆమె నీతో సమానంగా ఉన్నదైతే సరే, ఆమె పరిస్థితి నీకు తెలియదా అని. ఎమ్మా బండిలో ఇంటిదాకా ఏడుస్తుంది. మర్నాడు పొద్దున్నే ఆ ఇంటికి వెళ్తుంది. మిస్ బేట్స్ ఆమెను బాగానే పలకరిస్తుంది, ఎంతో కృతజ్ఞత చూపిస్తుంది. కానీ ఎప్పటిలా గలగలా మాట్లాడదు. కొంచెం తగ్గుతుంది, అంతే. ఎమ్మాకి అది తెలుస్తుంది.

ఆ కొంచెం తగ్గడాన్ని తెలుగులో ఎలా రాయాలా అనుకుంటూ ఇంకో పుస్తకానికి వెళ్ళాను. అక్కడ దొరికిపోయాను.

చార్లెస్ డికెన్స్ ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా వారం వారం పత్రికలో వచ్చింది. పిప్ అనే తల్లీతండ్రీ లేని పిల్లవాడిని అక్క పెంచుతుంది, కొట్టి పెంచుతుంది. ఆమె భర్త జో గార్జరీ కమ్మరి. పెద్ద శరీరం, మెత్తని మనసు. వరసకి బావ, నిజానికి ఆ ఇంట్లో ఇద్దరూ స్నేహితులు, ఇద్దరూ ఆమె చేతి దెబ్బలు తిన్నవాళ్ళే. పిప్ పలక మీద తప్పులతో అక్షరాలు రాసి చూపిస్తే జో మురిసిపోతాడు. చదవగలిగింది మాత్రం తన పేరులోని రెండక్షరాలే.

పిప్ ఒక గొప్పింట్లో ఎస్టెల్లా అనే అమ్మాయిని చూస్తాడు. ఆమె అతని గరుకు చేతుల్ని, మోటు బూట్లని చూసి ఎగతాళి చేస్తుంది. అప్పటిదాకా అతనికి తన చేతులు ఎలా ఉన్నాయో తెలియదు. ఆ రోజు నుంచి కొలిమి అంటే సిగ్గు, జో అంటే సిగ్గు. తర్వాత ఎవరో డబ్బిస్తే లండన్ వెళ్ళి దొరబాబు అవుతాడు.

జో అతన్ని చూడటానికి లండన్ వస్తాడు. డబ్బిచ్చి ఆపగలిగితే ఆపేవాణ్ణి అని పిప్ తనే ఒప్పుకుంటాడు. జో బిగుతు బట్టలు వేసుకుని, టోపీ ఎక్కడ పెట్టాలో తెలియక పొయ్యి పైనున్న గట్టు మీద పెడతాడు. అది పడుతూనే ఉంటుంది, అతను పట్టుకుంటూనే ఉంటాడు. పిప్‌కి కోపం, విసుగు. జో ఒకసారి పాత చనువుతో ‘పిప్’ అంటాడు, మరుక్షణం ‘సర్’ అంటాడు. వెళ్ళేటప్పుడు మాత్రం నిటారుగా నిలబడి, ఈ బట్టల్లో నేను తప్పుగా కనిపిస్తాను, కొలిమి దగ్గర చూస్తే ఏ తప్పూ ఉండదు అన్నట్టు చెప్పి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత పిప్ సొంత ఊరు వెళ్ళినా జో ఇంట్లో దిగడు, ఏవో సాకులు చెప్పుకుని బ్లూ బోర్ అనే సత్రంలో దిగుతాడు.

అంతకంటే కష్టమైన చోటు ఇంకోటి ఉంది. పిప్ డబ్బు పోయి, అప్పులపాలై, జ్వరంతో పడిపోతాడు. జో వచ్చి వారాల తరబడి సేవ చేస్తాడు. 123 పౌండ్ల 15 షిల్లింగుల 6 పెన్నీల అప్పు చెప్పకుండా కట్టేస్తాడు. అప్పటికి బిడ్డీ అనే అమ్మాయి దగ్గర జో రాయడం నేర్చుకుని ఉంటాడు. పిప్ మంచం పక్కన బల్ల దగ్గర చేతులు పైకి మడుచుకుని, ఇనుప పనిముట్టు పట్టినట్టు కలం పట్టి ఉత్తరం రాస్తాడు. సిరా బుడ్డి ఒకవైపు ఉంటే కలాన్ని ఇంకోవైపు గాలిలో ముంచుతాడు. (ఇది చదివి నేను నా మొదటి ‘క్ష’ని తలుచుకున్నాను.) పిప్‌కి లేచే ఓపిక లేనన్నాళ్ళూ జో పాత జోలాగే ఉంటాడు. ఓపిక వచ్చేకొద్దీ దూరం జరుగుతాడు. మళ్ళీ ‘సర్’ మొదలవుతుంది. ఒకరోజు పొద్దున్న పిప్ లేచేసరికి జో ఉండడు, చీటీ ఉంటుంది.

ఎస్టెల్లాతో పిప్ కథకి డికెన్స్ ముందు విడిపోయే ముగింపు రాశాడు. స్నేహితుడైన రచయిత బుల్వర్ లిటన్ చెబితే మార్చి, కలుస్తారేమో అనిపించే ముగింపు పెట్టాడు. చూశారా, అక్కడా ప్రేమకి రెండో అవకాశం దొరికింది. పిప్ కూడా జో దగ్గరికి వెళ్ళి క్షమించమని అడుగుతాడు, అడగలేదని అనను. జో క్షమిస్తాడు కూడా. కానీ పిప్ ఆ ఊళ్ళో ఉండిపోడు, దేశం వదిలి ఉద్యోగానికి వెళ్తాడు.

లండన్ సన్నివేశం నా నోటుబుక్కులో రాశాను. జో మాట మొదట ‘ఏరా పిప్, ఎలా ఉన్నావు’ అని రాశాను. తర్వాతి వాక్యంలో ‘సర్’ వచ్చింది. దానికి ‘మీరు ఎలా ఉన్నారండీ’ అని రాశాను. రాసి చూసుకున్నాను. ఈ మాట నేను ఎక్కడో విన్నాను అనిపించింది.

మాది పేరాక్‌లో బాగాన్ దాతోహ్ వైపు కొబ్బరి ఎస్టేట్. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళు. నాన్న ఎస్టేట్ ఆఫీసులో కిరాణి, అంటే గుమాస్తా. అందుకని నన్ను టౌనులో ఇంగ్లీషు బడికి పంపారు. లైను ఇళ్ళలో నా ఈడు పిల్ల ఒకతె ఉండేది. పేరు రాయను. వాళ్ళమ్మ మా నాన్నని అన్నయ్యా అని పిలిచేది, ఆ లెక్కన మేమిద్దరం ఒకరికొకరం వదినలం. ఆరేళ్ళప్పుడే ‘ఏయ్ వదినా’ అని పిలుచుకునేవాళ్ళం. ఆమె ఎస్టేట్‌లోని చిన్న తెలుగు బడికి వెళ్ళేది. ఒకసారి ఇసుకలో అక్షరాలు రాసి నేర్పబోయింది. ఇవి నాకెందుకు అన్నాను. అరవై ఏళ్ళు దాటాక డబ్బు పెట్టి పుస్తకాలు తెప్పించుకుని అవే దిద్దాను.

బడి అయ్యాక ఆమె కొబ్బరికాయల పనిలోకి వెళ్ళింది. నేను 1977లో ఫారం ఫైవ్. టౌను పేరు అప్పటికి తెలుక్ ఆన్సన్, ఇప్పుడు తెలుక్ ఇంతాన్. దీపావళి ముందు రోజుల్లో అక్కడి వాలిన గడియారం బురుజు దగ్గర నేనూ, నా క్లాసు పిల్లలిద్దరూ నిలబడి ఉన్నాం. రోడ్డు అవతల నుంచి కేక వినిపించింది, ‘వదినా! ఏయ్ వదినా!’ చేతిలో సంచీ, కాళ్ళకి రబ్బరు చెప్పులు, మొహం నిండా నవ్వు. ఎవరు ఆ పిల్ల అని నా క్లాసు పిల్లలు అడిగారు. మా ఇంట్లో పని చేస్తుంది అని ఇంగ్లీషులో చెప్పాను. ఆమె అప్పటికి దగ్గరికి వచ్చేసింది. మా ఇంట్లో ఆమె ఒక్క రోజు కూడా పని చెయ్యలేదు.

ఆమెకు ఇంగ్లీషు రాదు, అర్థమై ఉండదు అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ‘వర్క్’, ‘హౌస్’ అన్న రెండు మాటలు ఎస్టేట్‌లో ఎవరికి తెలియవు?

ఆ దీపావళికి వాళ్ళమ్మ పంపిన అరిసెలు తీసుకుని ఆమె మా ఇంటికి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి, ‘మీరు బాగున్నారా?’ అంది.

మా ఇంట్లో ‘మీరు’ అనే మాటే లేదు. నాన్నని నువ్వు, తాతని నువ్వు, దేవుణ్ణి నువ్వు. మా ఎస్టేట్‌లో ‘మీరు’ అనేది దొరకి, పెద్ద కిరాణికి. ఆమె నన్ను వాళ్ళ పక్కన నిలబెట్టింది. అప్పుడు నేను ఏమనుకున్నానో దాచకుండా రాస్తాను. పెద్దదైంది, మర్యాద నేర్చుకుంది అనుకున్నాను. నాకు నచ్చింది.

తర్వాత నేను చదువుకి, ఉద్యోగానికి ఊళ్ళు తిరిగాను. ఆమె పెళ్ళి చేసుకుని క్లాంగ్ వైపు వెళ్ళింది. నలభై ఏళ్ళ తర్వాత ఇక్కడి గుడిలోనే మళ్ళీ కనిపించింది. శనివారం అన్నదానానికి వంటంతా ఆమె చేతి మీదే నడుస్తుంది. నేను రసీదులు రాస్తాను, ఇంగ్లీషులో వచ్చిన ఉత్తరాలకి జవాబు రాస్తాను. నన్ను ‘టీచరమ్మ గారూ’ అంటుంది. ఎనిమిదేళ్ళుగా అంటోంది. ఇద్దరం పెద్దవాళ్ళమయ్యాం, గౌరవం ఇస్తోంది అనుకుంటూ వచ్చాను. జో గార్జరీ నోట ‘ఎలా ఉన్నారండీ’ అని నా చేత్తో నేను రాసేదాకా.

పోయిన శనివారం రసీదు పుస్తకం ఇంకొకరికి ఇచ్చి వంటగదిలోకి వెళ్ళాను. ఆమె కత్తిపీట ముందు కూర్చుని గుమ్మడికాయ కోస్తోంది. పక్కన ఇంకో కత్తిపీట ఖాళీగా ఉంది. కూర్చున్నాను. మోకాళ్ళు నొప్పి, కూర్చోవడానికే చాలాసేపు పట్టింది. ఏం చెప్పాలో రాత్రంతా నోటుబుక్కులో రాసుకున్నాను, ఒక్క ముక్క నోటికి రాలేదు.

‘వదినా’ అన్నాను.

ఆమె తల ఎత్తలేదు. ముక్కలు గిన్నెలో పడుతూనే ఉన్నాయి. అవతల ఎవరో గుండిగ దింపడానికి మనుషుల్ని పిలుస్తున్నారు. నేను ఒక పెద్ద ముక్క తీసుకుని చెక్కు తియ్యబోయాను. నాకు కత్తిపీట అలవాటు లేదు.

‘చెయ్యి జాగ్రత్త’ అంది.

ఇంటికొచ్చి ఆ వాక్యం రాసి చూసుకున్నాను. అందులో ‘నువ్వు’ లేదు, ‘మీరు’ కూడా లేదు. తెలుగులో అలా కూడా చెప్పొచ్చని నాకు ఏ పాఠంలోనూ ఎదురుపడలేదు. ఈ శనివారం ఆనపకాయలు వస్తాయట, పది గంటలకి వెళ్ళాలి.